ఒకటిన్నర గాటు

మా తాతయ్య నలభై ఒక్క ఏళ్ళు కాంపౌండరుగా పనిచేశాడు. డాక్టరుగారు చీటీ రాస్తే, పెద్ద జాడీల్లోంచి మందులు కొలిచి, కలిపి, చిన్న సీసాలో పోసి ఇచ్చేవాడు. ఆ సీసా పక్కన సన్నని కాగితం ముక్క ఒకటి అంటించేవాడు. కాగితాన్ని మడతలు పెట్టి అంచున కత్తెరతో కోస్తే, విప్పేసరికి సమాన దూరంలో గాట్లు వస్తాయి. గాటుకు ఒక మోతాదు. చదువురాని వాళ్ళు కూడా పొద్దున ఒక గాటు, సాయంత్రం ఒక గాటు అని తప్పు లేకుండా తాగేవాళ్ళు. ఆస్పత్రుల్లో ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. మా అత్త మొక్కల షెడ్డులో మాత్రం పోలేదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. బోన్సాయ్ చెట్లు పెంచి అమ్ముతుంది. ఇంటి వెనక ఆకుపచ్చ నెట్టు కింద మూడు వరసల బల్లలు, బల్లల మీద కుండీలు. ఊళ్ళో పదో తరగతి అయ్యాక కాలేజీ కోసం నేను ఇక్కడికి వచ్చాను. వచ్చిన మొదటి నెలలో అత్త కత్తిరించి పారేసిన దానిమ్మ కొమ్మల్ని ఏరి ఇసుకలో గుచ్చాను. ఇరవై గుచ్చితే పన్నెండు వేరు పట్టాయి. "బతికించుకుంటే అవి నీవే," అంది అత్త. ఏడాదిన్నరకు అవి జానెడు ఎత్తయ్యాయి. అరచేతిలో పట్టే కుండీల్లో, ఒక్కొక్కటీ ఒక్కో వైపుకు వంగి నిలబడేవి. నా సొంతం అని చెప్పుకోవడానికి నాకు ఈ ఇంట్లో ఇంకేమీ లేదు.

పెద్ద చెట్లకు గుళికల ఎరువు వేస్తారు. చిన్నవాటికి మాత్రం నీళ్ళలో కలిపే ద్రవ ఎరువు, రెండు వారాలకు ఒకసారి. ఆ ఏడు చిన్నవంటే నా దానిమ్మలే. ఎరువు సీసాకు తాతయ్య గాట్ల కాగితం అంటించాడు. క్యాను నీళ్ళకు ఒక గాటు. నేను పోస్తాను, తాతయ్య నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటాడు. అంతా బాగానే జరిగేది.

ఎండలు ముదరకముందు సీసా ఖాళీ అయ్యింది. షాపువాళ్ళ దగ్గర పాత రకం లేదట, వేరే రకం పంపారు. నేను కాలేజీ నుంచి వచ్చి, సంచీ భుజాన ఉండగానే ఆ సీసా తీసి చదివాను. ఏది కనిపించినా చదవడం నాకు అలవాటు. చిన్న అక్షరాల్లో ఉంది. ఇది మూడింతలు చిక్కనిదట, కుండీల్లోని లేతమొక్కలకైతే చెప్పిన దాంట్లోనూ సగమే వాడాలట. అంటే తాతయ్య గాటు ఒక క్యానుకు కాదు, ఆరు క్యాన్లకు సరిపోతుంది.

నేను బట్టలు మార్చుకుని వచ్చేలోపే తాతయ్య కొత్త ఎరువును తన గాట్ల సీసాలోకి వంపేశాడు. ఖాళీ సీసాను బకెట్టులో నానబెట్టి, మీది చీటీని గోటితో గీకుతున్నాడు.

"తాతయ్యా, అది మూడింతలు చిక్కనిదట," అన్నాను.

"ఎరువన్నాక చిక్కగానే ఉంటుందే. నీళ్ళలా ఉంటే పంపు నీళ్ళే పోసుకోవచ్చుగా."

"అది కాదు తాతయ్యా. సీసా మీద రాసి ఉంది."

"సీసా మీద బొమ్మలు కూడా ఉంటాయి. చెట్టంత గులాబీ వేస్తారు. పూస్తుందా అంత?" అని నవ్వి, తడిసిన చీటీని ఉండ చుట్టి పారేశాడు. "గుసగుసలు ఆపి క్యాను పట్రా."

నా గొంతు సన్నం. ఎంత సన్నమంటే ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి గుసగుస అనే పిలుస్తారు. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను. తాతయ్య అప్పటికే సీసా మూత తీస్తున్నాడు. క్యాను తెచ్చాను. తాతయ్య ఒక గాటు కొలిచి పోశాడు. నేను నా పన్నెండు కుండీలకూ నా చేతుల్తోనే పోశాను.

అత్తతో చెప్పాను. ఆవిడ ఒక కొమ్మకు తీగ చుడుతోంది. రెండో తీగ పళ్ళ మధ్య ఉంది.

"మనుషుల ప్రాణాలే ఆయన కొలత మీద నిలబడ్డాయే నలభై ఏళ్ళు," అంది తీగ తీయకుండానే. "నీ దానిమ్మలు నిలబడవా?"

రెండోసారి పోసిన వారానికి ఆకుల కొసలు మాడాయి. అగ్గిపుల్లతో అంటించి ఆర్పినట్టు, సరిగ్గా కొసల్లోనే. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. వేలితో రుద్దితే ఉప్పులా రాలింది. ఒక కుండీ పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళాను. అత్త దూరం నుంచే చూసి, "మన నీళ్ళలో సున్నం ఎక్కువే. అన్ని కుండీలకూ అలాగే పడుతుంది," అని ఫోను ఎత్తింది. ఫోనులో ఎవరో కొనేవాళ్ళు. ఇక అరగంట దాకా ఆవిడ మన మనిషి కాదు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు షాపుకు ఫోను చేశాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను.

"చెప్పండి," అన్నాడు షాపాయన.

"మీరు పంపిన ఎరువు సీసా..."

"హలో? ఎవరండీ?"

"ఎరువు... ఎన్ని నీళ్ళలో..."

"గట్టిగా మాట్లాడండి. గాలి తప్ప ఏమీ రావట్లేదు."

పెట్టేశాను. చెవులు మండిపోయాయి. రాసుకున్న కాగితం చించి, ఆ ముక్కల్ని మళ్ళీ చించాను. నా గొంతు మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, అది వేరే మనిషి అయి ఉంటే కొట్టేదాన్ని.

తాతయ్య కూడా ఆకులు చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కళ్ళజోడు లేకుండానే చూశాడు.

"నీరసం," అన్నాడు. "మోతాదు చాలట్లేదు."

"ఎక్కువైంది తాతయ్యా."

"జ్వరం దిగకపోతే మా డాక్టరుగారు ఏం చేసేవారు? మోతాదు పెంచేవారు. ఇక నుంచి ఒకటిన్నర గాటు. రెండు వారాలు కాదు, వారం వారం."

ఆయన సీసా నా చేతిలో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, టీ కోసం లోపలికి వెళ్ళిపోయాడు.

ఒకటిన్నర గాటు పోస్తే నెల తిరక్కుండా పన్నెండూ పోతాయి. పోయనని చెప్పాలి. చెబితే, "సాక్ష్యం ఏది?" అంటారు. సాక్ష్యం లేక కాదు. చీటీ మీద ఉన్నదంతా ఆ రోజే నా డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కానీ అదే పేజీలో ఇంకా చాలా రాసుకున్నాను. నా డైరీ మా అమ్మకు కూడా చూపించను. ఆ పేజీ ఈ ఇద్దరికీ చూపించడమంటే నడివీధిలో నిలబడి పాట పాడడమే.

అందుకే దొంగపని చేశాను. సీసాలోంచి ఒకటిన్నర గాటు కొలిచి తీసి, మూత ఉన్న పాత రంగు డబ్బాలో పోసి, షెడ్డు వెనక దాచాను. సీసాలో మట్టం దిగకపోతే తాతయ్య ఇట్టే పట్టేస్తాడు. క్యానులో వట్టి నీళ్ళు నింపాను. ఒక్కో కుండీలో కింది చిల్లులోంచి ధారగా కారేదాకా నెమ్మదిగా పోశాను. కాసేపు ఆగి మళ్ళీ. అలా ఐదుసార్లు. మొదట కారిన నీళ్ళు గోధుమరంగులో ఉండి, ఎరువు కంపు కొట్టాయి. ఐదోసారికి తేటగా వచ్చాయి.

"పోశావా?" అన్నాడు తాతయ్య నోటుబుక్కు తెరిచి.

"పోశాను."

రాసుకున్నాడు. ఆ తర్వాత ప్రతి వారమూ అదే ప్రశ్న, అదే జవాబు. జవాబు చెప్పిన ప్రతిసారీ నా మొహంలో దొంగతనం కనిపిస్తుందేమోనని కుండీలు సర్దుతున్నట్టు వంగేదాన్ని. ఆయనకు కనిపించలేదు. కనిపించనందుకు కూడా నాకు చిరాకు వేసింది.

ఐదు వారాలకు పది మొక్కలు చిగురు వేశాయి. ఎర్రటి లేత చిగుళ్ళు, చీమ తలకాయంత. పొద్దున్నే చూసి, ఎవరూ లేరు కదా అని ఒక్క గెంతు గెంతాను. రెండు మాత్రం పుల్లల్లా ఉండిపోయాయి.

చిగుళ్ళు తాతయ్య కంట పడ్డాయి. నాకు అప్పటిదాకా తట్టనే లేదు, ఆయన ఏమనుకుంటాడో.

"అమ్మాయ్! ఇలా రా!" అని అత్తను కేకేశాడు. "చూశావా? ఒకటిన్నర గాటు. వారం వారం. మాడిపోయినవాటిని లేపి కూర్చోబెట్టాను."

అత్త వంగి చూసింది. ఈసారి నిజంగా దగ్గరికి వచ్చి చూసింది. "అబ్బో. భలే పట్టిందే మందు."

"మందా మజాకా. గుళికలు పక్కన పడేసి పెద్ద చెట్లన్నిటికీ ఇదే పోద్దాం."

"నేనూ అదే అనుకుంటున్నా నాన్నా. నిన్న వేర్లు కత్తిరించి మట్టి మార్చిన చింతచెట్టు కూడా డీలాగా ఉంది. రేపు పొద్దున దాంతోనే మొదలుపెడదాం."

నేను రెండు కుండీల మధ్య చీపురు పట్టుకుని నిలబడిపోయాను. వేర్లు కోసిన చెట్టుకు నెలరోజుల దాకా ఏ ఎరువూ పోయకూడదని అత్తే నాకు నేర్పింది. ఇప్పుడు నా చిగుళ్ళు చూసి ఆవిడే ఆ మాట మరిచిపోయింది. నేను నీళ్ళు పోసి బతికించాను. ఆ బతకడమే ఒకటిన్నర గాటుకు సాక్ష్యమై కూర్చుంది. ఇంతకన్నా తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా?

సాయంత్రం అత్త గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడ్డాను. "అత్తా..." అన్నాను. ఫోను మోగింది. ఆవిడ తడిచేత్తోనే ఎత్తి, "చెప్పండమ్మా, అయ్యో మీకోసం కాకపోతే ఇంకెవరికోసమండీ," అంటూ గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళేసరికి నాలుగు క్యాన్లు వరసగా ఉన్నాయి. ఎరువు కంపు కొడుతోంది. తాతయ్య మొదటి క్యాను రెండు చేతులతో ఎత్తి చింతచెట్టు మీదికి వంచుతున్నాడు. అది అత్త పెళ్ళైన ఏడు నాటుకున్న చెట్టు. తొట్టి అంచు దాకా కొత్త మట్టి, ఇంకా కుదురుకోని వేర్లు.

"పొయ్యొద్దు తాతయ్యా!"

ఆ కేక నాదేనని తెలియడానికి నాకే ఒక క్షణం పట్టింది. తాతయ్య చేతిలో క్యాను ఊగి, నీళ్ళు ఆయన కాళ్ళ మీద పడ్డాయి. గోడ అవతలి నుంచి పక్కింటావిడ తల పైకి వచ్చింది.

"ఏమైందండీ? పామా?"

"పాము కాదండీ, మా గుసగుస," అంది వెనక బల్ల దగ్గరున్న అత్త, ఆవిడ కూడా నమ్మలేనట్టు.

"నా మొక్కలకు నేను మందు పోయలేదు," అన్నాను. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. "ఐదు వారాలూ నీళ్ళే పోశాను. నీళ్ళతోనే చిగురించాయి. మందు పోసినప్పుడే మాడాయి. అది ఆరింతలు ఎక్కువ. దీనికి పోస్తే ఇది కూడా చచ్చిపోతుంది."

తాతయ్య క్యాను కింద పెట్టాడు.

"పోశావా అంటే పోశానన్నావు."

"నీళ్ళు పోశాను."

"మందు రాసినచోట నీళ్ళిచ్చి, మందిచ్చినట్టు నా చేత రాయించావు. అదే ఆస్పత్రిలో అయితే ఏమయ్యేదో తెలుసా?"

"ఆస్పత్రిలో అయితే మందు సీసా మీది చీటీ గీకేస్తారా తాతయ్యా?"

"ఏయ్!" అంది అత్త. "పెద్దాయనతో ఏంటా మాటలు?"

"మరి మెల్లిగా చెబితే ఎవరు విన్నారు?"

పరుగెత్తుకెళ్ళి రంగు డబ్బా తెచ్చి మూత తీశాను. తాతయ్య వంగి వాసన చూశాడు. ఐదు వారాల ఒకటిన్నర గాట్లన్నీ అక్కడున్నాయి. ఆయన మొహం ముడుచుకుంది, కానీ ఒప్పుకోలేదు.

"సరే, పోయలేదు. మూడింతలు చిక్కనిదని ఎవరు చెప్పారు? చీటీ ఏది?"

చీటీ ఎవరు పారేశారో అడగాలనిపించింది. అడగలేదు. గదిలోకి వెళ్ళి డైరీ తెచ్చాను. ఆ పేజీ తీసి, కింద సగం అరచేత్తో గట్టిగా మూసి, పై సగం చూపించాను. చీటీ మీది అంకెలు, నీళ్ళ లెక్క, లేతమొక్కలకు సగం అన్న మాట, రాసిన తేదీ, అన్నీ ఉన్నాయి.

"చెయ్యి తియ్యి," అన్నాడు తాతయ్య.

"ఆ కింద ఎరువు గురించి ఏమీ లేదు."

"మొత్తం చూడకుండా చీటీ నమ్మను. చెయ్యి తియ్యి."

నేను చింతచెట్టు వైపు చూశాను. చెయ్యి తీశాను.

ఆయన కళ్ళజోడు దించుకుని, అలవాటు ప్రకారం పైకే చదివాడు. పక్కింటావిడ తల ఇంకా గోడ మీదే ఉంది.

"తాతయ్యతో చెప్పాను. తాతయ్య చెవికి లోపలివైపు గొళ్ళెం ఉంది. తనకు నచ్చిన మాటకే తీస్తాడు." కళ్ళజోడు సర్దుకున్నాడు. మళ్ళీ అందుకున్నాడు. "అత్తతో చెప్పాను. అత్త కొనేవాళ్ళతో ఫోనులో మాట్లాడే తీపిలో పావువంతు మాతో మాట్లాడితే, టీలో పంచదార వెయ్యక్కర్లేదు."

గోడ అవతల కిసుక్కుమని నవ్వు వినిపించింది. నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. భూమి నన్ను మింగలేదు. మింగితే బాగుండేది.

"ఏమే," అంది అత్త. కొంగుతో చేతులు తుడుచుకుని షాపుకు ఫోను చేసింది. "నమస్కారమండీ, బాగున్నారా..." అని తియ్యగా మొదలుపెట్టి, నా వైపు చూసి, దగ్గి, మామూలు గొంతులోకి దిగింది. "ఎరువు సంగతి చెప్పండి. ఎంత నీళ్ళలో ఎంత?" షాపాయన చెప్పింది విని అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ఫోను పెట్టేసి, చెయ్యి తాతయ్య ముందు చాపింది.

తాతయ్య ఆ అంకెలు రెండుసార్లు చదివాడు.

"కంపెనీవాళ్ళు చెప్పకుండా మార్చేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు," అన్నాడు.

"చెప్పారు తాతయ్యా. సీసా మీదే."

వినబడనట్టే లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగు క్యాన్లలో కలిపినదాన్ని పెద్ద డ్రమ్ములో పోసి, ఎన్నో నీళ్ళు కలిపి, వీధి కంచె మొక్కలకు వారాల తరబడి కొంచెం కొంచెంగా వాడాం. చింతచెట్టుకు వట్టి నీళ్ళు పోసి నీడకు జరిపాం. తాతయ్య నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గాట్ల కాగితం పీకేసి, కొత్తది కోసి అంటించాడు. గాట్లు దువ్వెన పళ్ళంత దగ్గరగా ఉన్నాయి. దాని కింద ఇంకో కాగితం మీద, కాంపౌండరు దస్తూరీలో, ఎన్ని నీళ్ళకు ఎంతో రాశాడు. సీసా అలమారలో పెట్టి తాళం వేశాడు. తప్పు తనదని మాత్రం అనలేదు.

రెండు పుల్లలకు చిగురు రాలేదు. ఇంకో నెల చూశాను. గోటితో బెరడు గీకితే పచ్చ కనిపించాలి. కింది నుంచి పైదాకా గీకాను. ఎక్కడా లేదు. అవి రెండూ తొలిసారి ఇసుకలోంచి తీసినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ వేర్లున్నవి.

తర్వాత ఒక ఆదివారం ఒక టీచరమ్మ చిన్న జువ్వి చెట్టు కుండీ చేతుల్లో పట్టుకుని వచ్చింది. ఆకుల కొసలు మాడి ఉన్నాయి, మట్టి మీద తెల్లపొర. అత్త లేదు. తాతయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎరువు ఎక్కువైందమ్మా," అన్నాడు, చూసీ చూడగానే. "సీసా మీద ఎంత వేయమంటే అందులో సగం వెయ్యాలి లేతవాటికి. ఎండిన మట్టి మీద ఎప్పుడూ పోయకూడదు, ముందు నీళ్ళతో తడిపి, ఆ తర్వాతే. మిట్టమధ్యాహ్నం అసలు ముట్టుకోవద్దు. వేర్లు కోసిందయితే నెలరోజులు ఆగాల్సిందే. ఆకు మాడింది కదా అని పెంచకండి. చాలామంది ఆ తప్పే చేస్తారు, నీరసం అనుకుని."

నేను క్యాను పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. నెలరోజుల మాట అత్తది, మిగతావన్నీ నావే. కొన్నిటికి నా డైరీలో తేదీలు కూడా ఉన్నాయి.

"ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ," అంది టీచరమ్మ. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"నలభై ఒక్క ఏళ్ళ అనుభవమమ్మా."

"మా రెండు దానిమ్మలు చచ్చిపోయాయండీ," అన్నాను. "అలా తెలిసింది."

టీచరమ్మ తల తిప్పి నన్ను చూసింది. తాతయ్య కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అది మురికిగా ఏమీ లేదు.

"మరి దీన్ని ఇప్పుడేం చేయాలమ్మా?" అని ఆవిడ నన్నే అడిగింది.

కుండీ అందుకుని పంపు దగ్గరికి తీసుకెళ్ళాను. తాతయ్య లేచి వెనకే వచ్చాడు.

"చిల్లులోంచి కారేదాకా పొయ్యి. నాలుగుసార్లు."

"ఐదుసార్లు."

"నాలుగు చాలు."

"ఐదు, తాతయ్యా."

"నాలుగు చాలంటే వినవేంటే."

పంపు తిప్పాను. ఐదుసార్లు పోశాను.